నాలుగు గోడల నిండా పన్నెండు నగరాలు

పోయినవారం మనం ఇల్దికోను గుమ్మం దగ్గర, గడియ మీద చెయ్యి వేసి ఉండగా వదిలి వచ్చాం. బయట గంట రెండోసారి మోగింది. తలుపుకి అవతల నిలబడ్డవాడు యోస్ట్ వెర్‌బీక్. జేబులో పెద్దగా ఏమీ లేకుండా వీపున సంచీ తగిలించుకుని యూరప్ తిరిగే కుర్రకారంతా చంకలో పెట్టుకు తిరిగే 'పన్నెండు నగరాలు' అనే పుస్తకం అతని పేరు మీదే ఉంది. ఏ ఊళ్లో మంచం చవక, ఏ ఊళ్లో చారు చవక, ఊరికి ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లడం ఎక్కడ చవక అని పోల్చి చెప్పే ఆ పుస్తకంలోని ప్రతి మాటా ఇల్దికో గళ్ల నోటుపుస్తకంలోంచి ఎత్తుకుపోయిందే. పద్నాలుగేళ్ల కిందట, మంచు కురిసే జనవరిలో, న్యుమోనియాతో వచ్చి ఈ ఇంట్లోనే పడ్డాడు. పంతొమ్మిది రోజులు తల్లీకూతుళ్ల చేత సేవ చేయించుకున్నాడు. ఇరవయ్యో రోజు పొద్దున్న మంచం ఖాళీ, నోటుపుస్తకం పెట్టే సొరుగూ ఖాళీ.

అంతటితో ఆగి ఉంటే ఇల్దికో ఏనాటికైనా మరిచిపోయేదేమో. కానీ ఆ పుస్తకంలో బుడాపెస్ట్ అధ్యాయం చివర మూడు వాక్యాలు ఉన్నాయి. 'కెలెతి స్టేషనులో ఆకుపచ్చ టోపీ పెట్టుకున్న ముసలామె గది ఇస్తానంటుంది. ఆమె వెంట వెళ్లకండి. ఆ ఇంట్లో వస్తువులు మాయమవుతాయి.'

ఆ టోపీ ఇల్దికో తల్లి మార్గిత్‌ది.

లేని హోటలు పేరు పెట్టి, పుస్తకం కొత్త కూర్పు కోసం వారం రోజులు తమ దగ్గర ఉచితంగా ఉండి వెళ్లమని ఇల్దికో ఉత్తరం రాసింది. చేప గాలానికి తగులుకుంది.

ఆమె తలుపు తీసింది.

ఎదురుగా ఉన్న మనిషిని చూసి క్షణం తడబడింది. ఆమె కళ్లలో ఉన్నది ఇరవై నాలుగేళ్ల సన్నటి కుర్రాడు. ఇతని జుట్టు నుదురు విడిచి వెనక్కి వెళ్లింది. మూడంతస్తులు ఎక్కి వచ్చిన ఆయాసంతో ఇనప కటకటాలు పట్టుకుని నిలబడ్డాడు. లిఫ్టు చెడిపోయి రెండేళ్లయింది. ఆ సంగతి ఉత్తరంలో రాయలేదు. కావాలనే రాయలేదు.

"రండి," అంది ఇంగ్లీషులో. "పాస్‌పోర్టు ఇవ్వండి. రిజిస్టరులో రాసుకోవాలి."

యోస్ట్ తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని తెరిచి కూడా చూడలేదు. ఏప్రన్ జేబులో వేసుకుంది. జేబు గుండీ పెట్టింది.

వంటింట్లో గిజెల్లా ఉల్లిపాయలు వేయిస్తోంది. పక్క వాటాలో ఉండే గిజెల్లా మార్గిత్‌కు స్టేషను నేస్తం; ఇద్దరూ బండి దిగే కుర్రాళ్లకు గదులు అద్దెకిచ్చేవాళ్లు. ఇల్దికోను ఒళ్లో పెట్టుకుని పెంచినంత చనువు ఆమెకు. వారం రోజులుగా ఒకటే పోరు పెడుతోంది, "పోనివ్వవే ఇల్దీ, చచ్చినవాళ్లు ఎలాగూ లేచి రారు," అని. పొద్దున్న కూడా చెవిపోటని, రేపు పెట్టుకోమని సాకు చెప్పింది. ఇల్దికో వినలేదు. "నువ్వు ఏమీ చెయ్యక్కర్లేదు గిజీ అత్తా. చారు కాచి పెట్టు. పిలిచినప్పుడు వచ్చి సాక్షి సంతకం పెట్టు, చాలు," అంది.

ఇప్పుడు యోస్ట్‌ను వెంటబెట్టుకుని వరండా వెంబడి చివరి గది దాకా నడిచింది. కింద ముంగిట్లో ఎవరో తివాచీ దులుపుతున్నారు. ఆ దెబ్బలు నాలుగు వైపులా గోడలకు కొట్టుకుని పైకి వస్తున్నాయి. మే నెల మధ్యాహ్నం. ఎండ సగం వరండా మీద, సగం వాళ్ల మీద పడుతోంది.

"ఈ గది గుర్తుందా?" అని అడిగింది, తాళం తిప్పుతూ.

ఆమె తలుపు తోసి పక్కకు జరిగింది.

లోపల మంచం లేదు, బీరువా లేదు. ఉన్నవి ఒక బల్ల, రెండు కుర్చీలు. గోడలు మాత్రం కనిపించడం లేదు. నేల నుంచి చెయ్యి అందే ఎత్తు దాకా, నాలుగు వైపులా, పోస్టుకార్డులు. బొమ్మ వైపు లోపలికి, రాత వైపు బయటికి పెట్టి మేకులు కొట్టి ఉన్నాయి. ప్రాగ్, క్రాకోవ్, వియన్నా, లిస్బన్, నేపుల్స్, సోఫియా, రీగా... ఊరికో వరస. ప్రతి వరసా తేదీల ప్రకారం. ఆరువందల పదకొండు కార్డులు. వాటిని గోడలకు కొట్టడానికి ఆమెకు తొమ్మిది రోజులు పట్టింది. ప్రతి మేకు కొట్టేటప్పుడూ ఎవరి తల తలుచుకుందో వేరే చెప్పక్కర్లేదు.

యోస్ట్ గుమ్మంలోనే ఆగిపోయాడు. వీపు మీది సంచీ దించడం కూడా మరిచిపోయాడు.

"లోపలికి రా," అంది ఇల్దికో. గౌరవం గుమ్మం బయటే అయిపోయింది. "ఇన్నేళ్లకు వచ్చావు. నీ పుస్తకం ఎక్కడ పుట్టిందో చూడు."

"ఇవన్నీ... దాచారా?"

"నువ్వు ఎత్తుకుపోయింది నోటుపుస్తకం. దాంట్లోకి మాటలు ఎక్కడి నుంచి వచ్చాయో నీకు తట్టలేదు. ఇంత పెద్ద దొంగవి, అటక మీద బిస్కెట్ డబ్బాలు వెతకాలని తోచలేదు నీకు."

సంగతి ఇదీ. ఇల్దికో పుట్టి బుద్ధెరిగాక బుడాపెస్ట్ దాటి వెళ్లింది ఒక్కసారే, అదీ బలాటన్ సరస్సు దాకా. కానీ ఇంటికి వచ్చిపోయే కుర్రాళ్లతో ఒక ఒప్పందం పెట్టుకుంది. చివరి రాత్రికి అద్దె ఇవ్వక్కర్లేదు. బదులుగా తరవాత దిగే ఊరి నుంచి ఒక కార్డు రాయాలి. కార్డులో నాలుగు సంగతులు ఉండాలి. మంచం ఎంత. చారు ఎంత. ఊరు ఈ చివర నుంచి ఆ చివరకు పోవడానికి ఎంత. నాలుగోది ఆమె సొంత ప్రశ్న: వాన పడే రోజు ఏమీ కొనకుండా ఎక్కడ కూర్చోవచ్చు? రాస్తామన్నవాళ్లలో సగం మంది రాయలేదు. రాసినవాళ్ల మాటలతోనే ఆమె ఏడేళ్లు కూర్చుని పన్నెండు నగరాలు కట్టింది.

ఆ నాలుగో ప్రశ్నే పుస్తకానికి పేరు తెచ్చింది. మంచం, చారు ఎవరైనా రాస్తారు. వానలో కూర్చోవడానికి చోటు చూపించింది ఈ ఒక్క పుస్తకమే. లిస్బన్‌లో ఒక రోజు తడిసి ముద్దయి వణుకుతుంటే తనకు ఆ ఆలోచన మెరిసిందని యోస్ట్ పత్రికలవాళ్లకు చెప్పేవాడు. ఇల్దికో ఆ కత్తిరింపులు కూడా దాచింది.

ఆమె లిస్బన్ వరస దగ్గరకు వెళ్లి ఒక కార్డు మీద వేలు పెట్టింది.

"చదువు."

"ఇల్దికో, వినండి, నేను..."

"కూర్చోకు. నిలబడే చదువు. గట్టిగా."

యోస్ట్ కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. నీలం సిరా వెలిసిపోయింది. అయినా అక్షరాలు తెలుస్తున్నాయి. గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"'ఇల్దికోకి. మంచం: కొండ మీద, ఆరుగురితో కలిసి. చారు: క్యాబేజీ ఆకులు సన్నగా తరిగింది, రొట్టెతో కలిపి కడుపు నిండుతుంది. ఊరు దాటడం: పాత ట్రాము, అన్నిటికంటే చవక. వాన: నది దాటించే పడవ ఎక్కు. దిగకుండా కూర్చుంటే ఒక్క టిక్కెట్టుతో ఎన్నిసార్లయినా దాటొచ్చు. మూడోసారి దాటాక పడవవాడు నన్ను చూసి నవ్వి, సగం...'"

ఆగిపోయాడు.

"ఆగావేం? సగం ఏమిటి?"

"'...సగం నారింజ ఇచ్చాడు.'"

"ఎవరు రాశారు?"

"'మోరా. గాల్వే నుంచి వచ్చిన నర్సు.'"

"తేదీ?"

"తొంభై ఒకటి, నవంబరు."

"నీ పుస్తకం నూట నలభయ్యో పేజీ నాకు నోటికొచ్చు. చెప్పనా? 'మూడోసారి దాటాక పడవవాడు నన్ను చూసి నవ్వి సగం నారింజ ఇచ్చాడు.' నిన్ను చూసి నవ్వాడా యోస్ట్? తొంభై ఒకటిలో నువ్వు ఎక్కడున్నావు?"

"కాలేజీలో."

"ఏ ఊళ్లో?"

"ఉట్రెక్ట్‌లో."

"ఉట్రెక్ట్‌లో కూర్చుంటే లిస్బన్ పడవవాడు నారింజ అందించాడు! ఎంత పొడుగు చెయ్యో వాడిది!"

యోస్ట్ చెవులు ఎర్రబడ్డాయి. ఇల్దికోకు అది చూస్తే కడుపులో చల్లగా అనిపించింది. ఈ మంట ఆరడానికి ఇంకా ఎన్ని కుండలు పొయ్యాలో ఆమెకే తెలియదు. చెయ్యి పట్టుకుని లాగినట్టు అతన్ని ఒక్కో గోడ దగ్గరకూ తిప్పింది. ప్రాగ్ పోస్టాఫీసు బెంచీలు చదివించింది. క్రాకోవ్‌లో 'పాల హోటలు' అనే చవక భోజనశాల వడ్డించే బీట్‌రూట్ చారు చదివించింది. వియన్నాలో చారు జోలికి పోవద్దనీ, ఒక్క కాఫీ చెప్పి సాయంత్రం దాకా కూర్చుంటే మంచినీళ్లు వాళ్లే మళ్లీ మళ్లీ తెచ్చి పెడతారనీ రాసిన కార్డు రెండుసార్లు చదివించింది. చదివేకొద్దీ అతని గొంతు పీలగా అయిపోయింది. ఇరవయ్యో కార్డు దగ్గర దగ్గు వచ్చింది. అదే పాత దగ్గు. మార్గిత్ బాతు కొవ్వు కాచి ఛాతీకి రాస్తే తగ్గిన దగ్గు.

"నీళ్లు ఇస్తారా?" అన్నాడు.

"ఇవ్వను."

అలా అన్నాక ఆమెకే తన గొంతు కొత్తగా వినిపించింది. ఇంటికొచ్చినవాడికి నీళ్లు లేవనడం ఈ గుమ్మంలో అదే మొదలు. అయినా కదల్లేదు.

యోస్ట్ సంచీ దించి కుర్చీ మీద పెట్టాడు. తను నిలబడే ఉన్నాడు. "ఒక మాట చెప్పనివ్వండి. ఉత్తరం చూడగానే అది మీరు రాసిందని తెలిసింది నాకు."

ఇల్దికో కనుబొమలు ముడిపడ్డాయి.

"'వాన రోజు మా కిటికీ పక్క కుర్చీలో ఎంతసేపైనా కూర్చోవచ్చు' అని రాశారు. ఏ హోటలువాడు రాస్తాడు అలా? తెలిసే వచ్చాను. వీధి మలుపు దగ్గర ట్రాము దిగి అరగంట నిలబడ్డాను. వెనక్కి పోదామనుకున్నాను. పోలేదు."

పద్నాలుగేళ్ల పగతో పన్నిన వల. చేప తెలిసే వచ్చిందంటే, పట్టిన సంతోషం సగం పోయింది. ఆ ఉక్రోషమంతా ఆమె గొంతులోకి వచ్చింది.

"అయితే ఇంకేం! పెద్ద మనసే నీది! ఏడవడానికి వచ్చావా? కాళ్లు పట్టుకోవడానికి వచ్చావా?"

"తీసుకెళ్లింది ఒప్పుకోవడానికి వచ్చాను. అప్పుడు... మొదట కొన్ని పేజీలు కాపీ చేసుకుని తిరిగి పంపిద్దామనుకున్నాను. తరవాత ఆమ్‌స్టర్‌డామ్‌లో పుస్తకాలు వేసే ఆయన చూశాడు. నువ్వే రాశావా అన్నాడు. ఒక్క మాట ఇల్దికో. అవును అన్నాను. ఆ 'అవును' వెనక్కి తీసుకోవడం నా వల్ల కాలేదు."

"నోటుపుస్తకం సంగతి సరే. అది కాగితం. మళ్లీ రాసుకునేదాన్ని." ఆమె బల్ల మీదికి వంగింది. "మా అమ్మ నీకేం చేసింది?"

"మార్గిత్ గారు... ఆవిడ ఎక్కడ?"

"కెరెపెషి శ్మశానంలో."

యోస్ట్ కుర్చీ వీపు పట్టుకున్నాడు.

"తొంభై ఎనిమిదిలో పోయింది. పోయే ముందు రెండు వేసవులు ఎలా గడిపిందో చెప్తాను విను. పొద్దున్న ఆరింటికి టోపీ పెట్టుకుని స్టేషనుకు వెళ్లేది. పారిస్ బండి, బెర్లిన్ బండి, బుకారెస్ట్ బండి, అన్నీ చూసుకునేది. పిల్లలు దిగేవాళ్లు. చేతిలో నీ పుస్తకం. ఆకుపచ్చ టోపీ చూసి ఒకళ్లనొకళ్లు మోచేత్తో పొడుచుకుని నవ్వేవాళ్లు. ఒక పోరడు దగ్గరికొచ్చి, తన చేతి గడియారం విప్పి జేబులో దాచుకుని, ఆవిడ మొహం మీదే నవ్వి పోయాడు. మా అమ్మ వాడికి చెయ్యి ఊపింది. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదుగా ఆవిడకి! నేను ఆ రోజు పక్కనే ఉన్నాను. ఆవిడకి చెప్పలేదు. చెప్పడానికి నాకు నోరు రాలేదు. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పుకుంటూ, 'ఈ కొంపకి ఇంక జనం రారే, నువ్వు నీ దారి చూసుకో, వియన్నాలో ఆ హోటలువాళ్లు ఉద్యోగం ఇస్తామన్నారుగా, పో' అనేది. ఎలా పోతాను? దొంగ ముద్ర మోస్తున్న ముసలిదాన్ని ఒంటరిగా వదిలేసి ఎలా పోతాను? నువ్వు చెప్పు!"

గది బయట తివాచీ దెబ్బలు ఆగిపోయాయి. యోస్ట్ సంచీ తెరిచి పాత పుస్తకం ఒకటి తీశాడు. పసుపు అట్ట. ఇల్దికో ఎరిగినది ఎర్ర అట్ట పుస్తకం.

"ఇది మొదటి కూర్పు. తొంభై అయిదుది. పదిహేను వందలే వేశారు. మీరు చూసి ఉండరు. బుడాపెస్ట్ చివరి పేజీ చూడండి."

ఆమె చెయ్యి చాపలేదు. అతనే తెరిచి బల్ల మీద పెట్టాడు. కళ్లు ఆ వైపు పోనివ్వకూడదనుకుంది గానీ పోయాయి.

'కెలెతి స్టేషనులో ఆకుపచ్చ టోపీ పెట్టుకున్న పెద్దావిడ కనిపిస్తుంది. ఇంకేమీ ఆలోచించకుండా ఆమె వెంట వెళ్లండి. ఈ పన్నెండు నగరాల్లోనూ అంత మంచి చారు లేదు, అంత మంచి ఇల్లూ లేదు.'

ఇల్దికో ఆ పంక్తుల్ని మూడుసార్లు చదివింది.

"మరి ఎర్ర అట్టలో?"

"రెండో కూర్పు వేసే ముందు ఒక ఉత్తరం వచ్చింది. ఈ ఊరి నుంచే. ఆ ఇంట్లో సామాను పోతోందని. ఆకుపచ్చ టోపీ ఆవిడ గురించి అందరినీ హెచ్చరించమని."

"ఎవరు రాశారు?"

"పేరు లేదు. 'ఒక ప్రయాణికుడు' అని ఉంది."

"పేరు లేని ఒక్క ఉత్తరం! దాన్ని పట్టుకుని మా అమ్మ మెడకి కట్టావా? ఫోను లేదూ ఈ ఇంట్లో? నంబరు నీకు తెలియదూ? నిజమా అని ఒక్కసారి అడగలేకపోయావా?"

యోస్ట్ తల దించుకున్నాడు. సాకు మాత్రం చెప్పలేదు. ఆ ఒక్కటీ అతని పక్షాన చెప్పుకోవాలి.

"అడిగితే మీరు నోటుపుస్తకం అడుగుతారు. అందుకని అడగలేదు." కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఇంకొకటి కూడా ఉంది. అది చెప్పడానికే వచ్చాను. ఆ ఉత్తరం చూసి నేను... సంతోషించాను. జనం ఈ ఇంటికి రాకపోతే మీ కార్డుల సంగతి ఎవరికీ తెలియదు. నన్ను ఎవరూ నిలదీయరు. ఆ ఉత్తరం అబద్ధమని నాకు తెలుసు. ఈ ఇంట్లో పంతొమ్మిది రోజులు స్పృహ లేకుండా పడి ఉన్నాను, నా జేబులో పెన్సిలు కూడా పోలేదు. అబద్ధమని తెలిసే అచ్చు వేయించాను."

ఇల్దికో అతని చెంప మీద కొట్టింది.

అనుకుని కొట్టలేదు. చెయ్యి దానంతట అదే లేచింది. కళ్లజోడు కిందపడి బల్ల కిందికి జారింది. యోస్ట్ చెంప తడుముకోలేదు, అడుగు వెనక్కి వెయ్యలేదు. ఇంకొకటి కొట్టినా నిలబడేలా ఉన్నాడు. అందుకే ఆమె రెండోది కొట్టలేదు.

సొరుగు లాగి తెల్ల కాగితాలు, కలం తీసి అతని ముందు పడేసింది.

"ఇప్పుడు కూర్చో. రాయి. పుస్తకం ఎవరిదో రాయి. ఎలా తీసుకున్నావో రాయి. ఆకుపచ్చ టోపీ సంగతి రాయి. మా అమ్మ పేరు పూర్తిగా, అక్షరం తప్పు లేకుండా రాయి. కొత్త కూర్పులో మొదటి పేజీగా అది పడాలి. పడేదాకా నీ పాస్‌పోర్టు నా దగ్గరే."

"పాస్‌పోర్టు ఉంచుకోనక్కర్లేదు. రాస్తాను."

"ఉంచుకుంటాను."

కళ్లజోడు వెతుక్కుని అతను రాయడం మొదలుపెట్టాడు. ఇల్దికో ఎదురుగా కూర్చుని ఒక్కో వాక్యం తలకిందులుగా చదువుతూ ఉంది. మధ్యలో రెండుసార్లు కొట్టించింది. 'తీసుకున్నాను' అని రాస్తే 'దొంగిలించాను' అని దిద్దించింది. 'పొరపాటున' అన్న మాట కొట్టి పారేయించింది. ఒక పేజీ నిండి రెండోది సగమయ్యేసరికి వంటింటి వైపు నుంచి చారు వాసన వచ్చింది. పొగపట్టిన మాంసం, చిక్కుడుగింజలు, ఎర్ర మిరపపొడి. ఆమెకు కళ్లు చెమర్చబోయాయి. ఇన్నాళ్ల కోపం ఇంత తేలిగ్గా కాగితం మీదికి దిగిపోతుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. గెలిచాను అనుకుంది. అమ్మ పేరు కడిగాను అనుకుంది.

యోస్ట్ కింద సంతకం పెట్టి, తేదీ వేసి, కాగితాలు ఆమె వైపు తిప్పాడు.

ఇల్దికో గుమ్మంలోకి వెళ్లి కేకేసింది. "గిజీ అత్తా! రా! సాక్షి సంతకం!"

మళ్లీ కేకేసింది.

"వస్తున్నానే. చారు అడుగంటుతుంది," అంది గిజెల్లా గొంతు.

"అంటనీ! రా!"

గిజెల్లా తుండుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. డెబ్బై నాలుగేళ్ల మనిషి, వరండా గోడ పట్టుకుని నడిచింది. గదిలోకి వచ్చి గోడల వైపు చూడలేదు, యోస్ట్ వైపు చూడలేదు. బల్ల దగ్గర నిలబడి, "కళ్లజోడు తెచ్చుకోలేదు. రేపు పెడతాను," అంది హంగేరియన్‌లో.

"నీ పేరు రాయడానికి కళ్లజోడు ఎందుకు? ఇదిగో, ఇక్కడ. పెద్ద అక్షరాలతో రాయి. కింద అడ్రసు కూడా. వాళ్లు ఆమ్‌స్టర్‌డామ్‌లో చదువుకోవాలి."

"ఇల్దీ, నా చెయ్యి వణుకుతోందే."

"ఈ ఒక్కదానికి వణకనీ. అమ్మ కోసం, అత్తా."

ఆ మాటతో గిజెల్లా కలం అందుకుంది. పెదవులు బిగబట్టి రాసింది. పేరు, వీధి, ఇంటి నంబరు, ఊరు. విడివిడిగా, నిటారుగా ఉండే పెద్ద అక్షరాలు. ప్రతి 'ఆర్' కాలూ కింద గీతను దాటి వంకీ తిరిగింది.

యోస్ట్ ఆ కాగితం మీదికి వంగాడు. అతని మొహంలో రక్తం ఇంకిపోవడం ఇల్దికో చూసింది. చెంప మీద ఆమె వేళ్ల గుర్తులు మాత్రం ఎర్రగా మిగిలాయి.

"ఏమైంది?" అంది.

అతను సంచీ లోపలి అరలోంచి పాత కవరు తీశాడు. హంగేరీ తపాలా బిళ్ల, తొంభై ఆరు మార్చి ముద్ర. అందులోంచి మడత పెట్టిన కాగితం తీసి, గిజెల్లా సంతకం పక్కనే పరిచాడు.

ఇల్దికో చూసింది. ఇంగ్లీషులో, విడివిడిగా, నిటారుగా, పెద్ద అక్షరాలు. ప్రతి 'ఆర్' కాలూ గీత దాటి వంకీ తిరిగింది.

ఆ రాత ఆమెకు ఇవాళే పరిచయం కాదు. గిజెల్లా పెళ్లి కాకముందు ఎగుమతుల ఆఫీసులో టైపిస్టు. స్టేషనులో నిలబడే ఆడవాళ్లందరిలోకీ ఇంగ్లీషు ముక్క తెలిసింది ఆమెకే. మార్గిత్ పదేళ్లు గుండెలకు ఆనించి పట్టుకున్న అట్టముక్క మీద 'గది, వేడినీళ్లు, శుభ్రం' అని రాసిపెట్టింది ఆ చెయ్యే.

"గిజీ అత్తా," అంది ఇల్దికో. "ఇది ఏమిటి?"

గిజెల్లా తుండును రెండు చేతులతో మెలిపెడుతోంది.

"నీ గదులకు కుర్రాళ్లు రావాలనా? దానికోసమా? అమ్మ నీకు తోబుట్టువులాంటిది కదా! ఆవిడ పోతే శవం మీద పడి ఏడ్చావు కదా! పదేళ్లు నా బల్ల మీద నా చారు తాగుతూ నా మొహం చూశావు కదా!"

యోస్ట్ లేవబోయాడు. "నేను బయటికి..."

"కూర్చో నువ్వు!" అని అరిచింది ఇల్దికో, అతని వైపు చూడకుండానే. అడుగు ముందుకు వేసి గిజెల్లా మణికట్టు పట్టుకుంది. పట్టు ఎంత గట్టిదంటే ముసలామె చేతి వేళ్లు తెల్లబడ్డాయి. "చెప్పు. నువ్వు రాశావా, లేదా?"

"రాశాను," అంది గిజెల్లా.

ఇంతసేపూ దించుకున్న తల ఎత్తింది. కళ్లలో నీళ్లు లేవు. చాలా ఏళ్లుగా మోస్తున్న బరువు దించబోయే మనిషి అలసట ఉంది, అంతే.

"చెయ్యి వదులు ఇల్దీ, నొప్పిగా ఉంది. రాసింది నేనే. వద్దని ఎంత మొత్తుకున్నా వినలేదు. మా ఇంట్లో నా ఎదురుగా కూర్చుని, ఆకుపచ్చ టోపీ ఒళ్లో పెట్టుకుని, ఒక్కో మాటా చెప్పి నా చేత రాయించింది మీ అమ్మే."